నీటిశక్తి చరిత్రను దాచు ప్రదర్శనశాలలు

సింగరాయకొండ పేరులోనే కొండ యున్నది. వరాహ నరసింహస్వామి కోవెల వెలసిన గుట్టయే ఆ కొండ. దాని చుట్టును ఉన్నది మైదానము. తూర్పున సముద్రము, పడమట మిరప, పత్తి, పొగాకు పండు మెట్టచేలు. మన్నేరు వంటి ఏళ్లు వానకాలమున పారి, వేసవిలో ఇసుకగా మిగులును. ఎత్తునుండి దూకు జలపాతము ఒక్కటియు లేదు. అయినను ఈ ప్రాంతమున చేనిగట్టుమీద మోటారు తిరుగుటకును, మరలో పత్తినుండి గింజ వేరగుటకును వాడు విద్యుచ్ఛక్తిలో కొంతపాలు ఎక్కడనో దూరమున కొండలనుండి దిగు నీరు ఇచ్చినదే. కంటికి తీగ కనబడును. తీగ అవతలి కొస కనబడదు.

ఆ అవతలి కొసను చూపుట జలవిద్యుత్తు, పరిశ్రమల చరిత్రకు ఏర్పడిన ప్రదర్శనశాలల పని. శిల్పములను, నాణెములను, తాళపత్రములను భద్రపరచుట అందరును ఎరిగినదే. తుప్పు పట్టిన ఇనుపచక్రమును, నూనె మరకలున్న లెక్కల పుస్తకమును భద్రపరచుట ఎందులకు అని పలువురకు సందేహము కలుగవచ్చును. పాత యంత్రము స్థానమున కొత్తది వచ్చిన మరునాడే పాతది తుక్కు తూకమునకు పోవుట వాడుక. అట్లు పోవునది ఇనుము మాత్రమే కాదు. ఆ యంత్రమును అట్లే ఏల చేసిరి, అంత వేగముననే ఏల త్రిప్పిరి, ఆ ఊరిలోనే ఏల నిలిపిరి అను ప్రశ్నలకు సమాధానములు కూడ దానితోనే పోవును.

నీటిబరువు, నీటియెత్తు

బావినుండి బొక్కెనతో నీరు తోడువానికి శక్తి ఖర్చగును. నీరు క్రిందికి పడునపుడు ఆ శక్తియే తిరిగి లభించును. ఒక ఘనపు మీటరు నీటి బరువు 1,000 కిలోగ్రాములు. సెకనుకు ఒక ఘనపు మీటరు చొప్పున నీరు ఒక మీటరు ఎత్తునుండి పడుచుండిన, అందులోని శక్తి 9.8 కిలోవాట్లు. నీటి పరిమాణము పెరిగిన కొలది, ఎత్తు పెరిగిన కొలది ఈ శక్తి పెరుగును.

మైదానములోని కాలువకును కొండలోని ఏటికిని గల తేడా ఈ లెక్కవలన తెలియును. ఒక కాలువలో సెకనుకు 10 ఘనపు మీటర్ల నీరు 3 మీటర్ల మెట్టునుండి దిగుచున్నదనుకొందము. శక్తి 294 కిలోవాట్లు. కొండమీది వాగులో సెకనుకు ఒక్క ఘనపు మీటరు నీరు 120 మీటర్ల ఎత్తునుండి దిగిన, శక్తి 1,176 కిలోవాట్లు. అనగా పదవవంతు నీటితోనే నాలుగు రెట్ల శక్తి. జలవిద్యుత్కేంద్రములు తొలుత కొండలను వెదకుకొని పోవుటకు కారణమిదే.

పడు నీటిని లావైన ఉక్కు గొట్టములగుండ దింపి, టర్బైను అను నీటిచక్రముమీదికి వదలుదురు. ఎత్తు మధ్యరకముగా నుండి నీరు ఎక్కువగా నున్న చోట వాడు చక్రమును అమెరికాలోని లోవెల్ పట్టణమున జేమ్స్ ఫ్రాన్సిస్ 1848 ప్రాంతమున రూపొందించెను. ఇందు నీరు చక్రమును నలువైపులనుండి చుట్టి, రెక్కల సందులగుండ లోపలికి పారును. ఎత్తు చాల ఎక్కువగా నున్న చోట లెస్టర్ పెల్టన్ చక్రము తగినది. కాలిఫోర్నియా బంగారుగనులలో వాడు నీటిచక్రములను బాగుచేసి అతడు 1880లో దీనికి పేటెంటు పొందెను. దాని అంచున జంటదొప్పలు వరుసగా నుండును. సన్నని మూతినుండి వెడలు నీటిధార ఆ దొప్పలను కొట్టును. టర్బైను ఇరుసునకు జనరేటరు అమర్చబడి యుండుటచే రెండును కలిసి తిరుగును. నీటి చలనశక్తి విద్యుచ్ఛక్తిగా మారును.

ఇంతవరకు చిత్తరువుతో చెప్పవచ్చును. కాని నిలువెత్తు చక్రము ఎదుట నిలిచి, దాని దొప్పలో అరచేయి పెట్టి చూచిన బాలునకు కలుగు బోధ చిత్తరువువలన కలుగదు. ఈ సంగతిని చక్కగా గ్రహించిన వారిలో మొదట చెప్పదగినవాడు ఒక జలవిద్యుత్తు ఇంజనీరే.

ప్రదర్శనశాలను స్థాపించిన ఇంజనీరు

జర్మనీ దేశస్థుడైన ఆస్కర్ ఫాన్ మిల్లర్ 1855లో జన్మించెను. విద్యుత్తును దూరమునకు పంపుట సాధ్యమా అని లోకము సందేహించుచున్న కాలమది. 1882లో మ్యూనిక్ నగరమున జరిగిన విద్యుత్ప్రదర్శనమున ఆయన, ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మార్సెల్ దెప్రేతో కలిసి, మీస్‌బాఖ్ అను ఊరినుండి 57 కిలోమీటర్ల దూరము విద్యుత్తును పంపించెను. మ్యూనిక్‌లో ఆ విద్యుత్తు ఒక పంపును నడిపి చిన్న కృత్రిమ జలపాతమును సృష్టించెను. దారిలో చాలభాగము నష్టమయ్యెను. అయినను పని సాధ్యమని తేలెను.

1891లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున ఇంకొక ప్రదర్శనము జరిగెను. నెకార్ నదిమీద లౌఫెన్ అను చోట నీటిచక్రము తిరుగుచుండగా, ఆ శక్తి 175 కిలోమీటర్లు తీగలమీద ప్రయాణము చేసి ఫ్రాంక్‌ఫర్ట్‌లో వేయి దీపములను వెలిగించెను. ఈసారి నాలుగింట మూడు వంతుల శక్తి గమ్యమును చేరెను. ఈ తేడాకు ముఖ్యకారణము ఎక్కువ వోల్టేజి.

తీగలో పారు విద్యుత్ప్రవాహము రెట్టింపైన, వేడిరూపమున పోవు నష్టము నాలుగు రెట్లగును. అదే శక్తిని ఎక్కువ వోల్టేజితో పంపిన ప్రవాహము తగ్గును. 2,000 వోల్టులకు బదులు 35,000 వోల్టులతో పంపినచో ప్రవాహము సుమారు 17వ వంతగును. అదే తీగలో నష్టము సుమారు 300వ వంతునకు దిగును. ఏకాంతర విద్యుత్తు వోల్టేజిని పెంచుటకును, గమ్యమున మరల తగ్గించుటకును ట్రాన్స్‌ఫార్మరు ఉన్నది. ఏటియొడ్డున పుట్టిన శక్తి నగరమునకు రాగలుగుట దీనివలననే.

ఈ మిల్లర్ 1903లో మ్యూనిక్‌లో జర్మన్ ప్రదర్శనశాలను స్థాపించెను. ఈసార్ నదిలోని ఒక దీవిపై కట్టిన దాని పెద్ద భవనమును 1925 మే 7వ తేదీన, ఆయన డెబ్బదవ పుట్టినరోజున తెరచిరి. అసలు యంత్రములను తెచ్చి నిలుపుట, లోపలి భాగములు కనబడునట్లు వానిని నిలువున కోసి చూపుట, మీట నొక్కినంతనే నమూనా కదలునట్లు అమర్చుట అక్కడి పద్ధతులు. లోకములోని పెక్కు విజ్ఞాన ప్రదర్శనశాలలు దీనినే అనుసరించినవి. మన దేశమున బెంగుళూరులోని విశ్వేశ్వరయ్య పారిశ్రామిక సాంకేతిక ప్రదర్శనశాల అట్టివానిలో నొకటి. దాని వెనుక గల కథ శివనసముద్రమువద్ద మొదలగును.

కావేరి నీరు, కోలారు బంగారము

మైసూరు సంస్థానమున కావేరి నది శివనసముద్రమువద్ద రెండు పాయలుగా చీలి, గగనచుక్కి, భరచుక్కి అను జలపాతములుగా దూకును. అక్కడికి 92 మైళ్ల దూరమున, అనగా సుమారు 148 కిలోమీటర్ల దూరమున, కోలారు బంగారు గనులుండెను. తెలుగు, తమిళ సీమలనుండి వలసపోయిన కూలీలు వేలకొలది అందు పనిచేసిరి. కోలారు చుట్టుపట్ల పల్లెలలో నేటికిని తెలుగు వినబడును. గనులలోని యంత్రములకు ఆవిరే ఆధారముగా నుండెను. ఆవిరికి బొగ్గు, కట్టెలు కావలెను. బొగ్గు దూరమునుండి రావలెను. కట్టెలకై చుట్టునున్న అడవి తరుగుచుండెను.

కావేరి శక్తిని కోలారునకు పంపవలెనను పథకమును దివాను శేషాద్రి అయ్యర్ చేపట్టెను. జోలీ ద లోత్‌బినీర్ అను ఇంజనీరు విదేశములకు పోయి అక్కడి కేంద్రములను పరిశీలించి వచ్చెను. టర్బైనులు స్విట్జర్లండులోని ఎషర్ విస్ సంస్థనుండియు, విద్యుద్యంత్రములు అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థనుండియు వచ్చెను. రైలు మద్దూరు వరకే యుండెను. అక్కడినుండి ఆ బరువులను ఎడ్లబండ్లమీదను, ఏనుగుల సహాయముతోను లాగించిరి. 1902 జూన్ 30వ తేదీన కేంద్రము పని ప్రారంభించెను. దీనికై శ్రమించిన శేషాద్రి అయ్యర్ అప్పటికి తొమ్మిది నెలల పూర్వమే మరణించి యుండెను.

తొలుత నుండినవి ఒక్కొక్కటి 720 కిలోవాట్ల శక్తిగల ఆరు యంత్రములు. మొత్తము 4,320 కిలోవాట్లు. నీరు దిగు ఎత్తు సుమారు 400 అడుగులు. పై లెక్కప్రకారము, యంత్రములలోని నష్టములను తీసివేసినను, సెకనుకు అయిదు ఘనపు మీటర్లకు లోపు నీరు దీనికి చాలును. సుమారు 35,000 వోల్టులతో నడిచిన కోలారు తీగదారి ఆనాడు లోకములోని మిక్కిలి పొడవైన వానిలో నొకటి. ఫ్రాంక్‌ఫర్ట్ ప్రయోగము జరిగి అప్పటికి పదునొకండు ఏండ్లే. 1905 ఆగస్టు 5వ తేదీన ఇదే శక్తితో బెంగుళూరు వీథులలో దీపములు వెలిగెను.

ఈ కేంద్రములోని యంత్రములు సెకనుకు 25 ఆవృత్తుల విద్యుత్తును ఇచ్చెడివి. నేడు మన దేశమంతటను వాడుకలో నున్నది 50 ఆవృత్తులు. ఆనాడు 25 ఎన్నుకొనుట పొరపాటు కాదు. ఆవృత్తులు తక్కువైనచో దూరపు తీగలలో కలుగు ఒక విధమైన అడ్డగింపు తగ్గును. నెమ్మదిగా తిరుగు పెద్ద మోటారులకు అది అనుకూలము. గనులకు కావలసినవి అట్టి మోటారులే. దీపముల సంగతి వేరు. తక్కువ ఆవృత్తులతో వెలుగు అదరును. అనగా ఆ కేంద్రము ఎవరికొరకు పుట్టినదో దాని ఆవృత్తి సంఖ్యయే చెప్పుచున్నది. ఇది ఏ శాసనమున చెక్కిన మాట కాదు. యంత్రముమీది చిన్న రేకుపై నుండు అంకె. రేకు పోయిన సాక్ష్యము పోవును.

మోక్షగుండమునుండి ముద్దేనహళ్లికి

కేంద్రమును విస్తరించిన కొలది ఇంకొక చిక్కు ఎదురయ్యెను. వేసవిలో కావేరి సన్నగిల్లును. గనిలో నీరు తోడు పంపులు మాత్రము వేసవియని ఆగరాదు. 1909లో మైసూరు ప్రధాన ఇంజనీరుగా వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య దీనికి చూపిన ఉపాయము, నదికి ఎగువన పెద్ద జలాశయమును కట్టి వానకాలపు నీటిని నిలువచేయుట. కృష్ణరాజసాగరము పని 1911లో ప్రారంభమయ్యెను. మద్రాసు ప్రభుత్వముతో నీటి తగవు నడుచుచుండుటచే మొదట 80 అడుగుల ఎత్తునకే అనుమతి లభించెను. ఆయన పునాదిని మాత్రము పూర్తి ఎత్తునకు తగినంత వెడల్పుగా వేయించెను. 1924లో ఒడంబడిక కుదిరిన పిమ్మట ఆ ముందుచూపు అక్కరకు వచ్చెను. అదే నీరు మండ్య ప్రాంతపు చెరకుతోటలను కూడ తడిపెను.

విశ్వేశ్వరయ్య జన్మించినది కర్ణాటకములోని ముద్దేనహళ్లిలో. కాని వారి యింటిపేరు గిద్దలూరు సీమలోని మోక్షగుండము గ్రామమునుండి వచ్చినది. ఆ వంశమువారు పూర్వము అక్కడినుండి వలసపోయిరి. ఇంట మాట్లాడిన భాష తెలుగే. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచినపుడు నిజాము ప్రభుత్వము ఆయనను పిలిపించెను. నగరమును వరదనుండి కాపాడు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయములు ఆయన సలహానుండి పుట్టినవే. 1912నుండి 1918వరకు ఆయన మైసూరు దివానుగా నుండిరి. నీరు, విద్యుత్తు, పరిశ్రమ ఒకదానివెంట ఒకటి రావలెనని వారి విశ్వాసము. భద్రావతి ఇనుప కర్మాగారము, సబ్బుల కర్మాగారము ఆ విశ్వాసమునకు ఫలితములు.

వారి పేరుమీద బెంగుళూరులోని కబ్బన్ పార్కులో నిర్మించిన ప్రదర్శనశాల భవనమును 1962 జూలై 14వ తేదీన ప్రధానమంత్రి నెహ్రూ ప్రారంభించిరి. విశ్వేశ్వరయ్య అదే సంవత్సరము ఏప్రిలులో స్వర్గస్థులైరి. ప్రజలకొరకు తెరచిన మొదటి శాల 1965 జూలై 27వ తేదీనాటిది; దాని విషయము విద్యుత్తు. ఇంజనుల శాలలో ఆవిరిని, చమురును, నీటిని చలనముగా మార్చు యంత్రములను చూడవచ్చును. 1978లో ఏర్పడిన జాతీయ విజ్ఞాన ప్రదర్శనశాలల మండలి క్రింద ఇది నేడు పనిచేయుచున్నది. బెంగుళూరు పోలేని బాలబాలికలకు తిరుపతిలో 1993లో తెరచిన ప్రాంతీయ విజ్ఞాన కేంద్రము దీని పాలనలోనిదే. సింగరాయకొండనుండి రైలెక్కినవారు నాటికి నాడే దానిని చూచి తిరిగి రావచ్చును.

యంత్రమున్న చోటనే ప్రదర్శనశాల

నగరములోని ప్రదర్శనశాలకు ఒక పరిమితి కలదు. చక్రమును తీసికొని రావచ్చును. కొండను తీసికొని రాలేము. నీరు ఎంత ఎత్తునుండి దిగినదో, యంత్రశాలలో పనిచేసినవాడు ఎక్కడ కాపురమున్నాడో, కర్మాగారపు పొగ ఏ పల్లెమీదికి పోయినదో అక్కడ కనబడదు. అందుచేత కొన్ని దేశములవారు కేంద్రమునే ప్రదర్శనశాలగా మార్చిరి.

నార్వే దేశమున తిస్సెదాల్ అను చిన్న ఊరిలో అట్టిది కలదు. సముద్రము కొండల నడుమకు చొచ్చుకొని వచ్చిన చోట, ఒడ్డుననే తిస్సో అను విద్యుత్కేంద్రమును 1906లో కట్ట మొదలిడిరి. 1908లో విద్యుత్తు వచ్చెను. కొండపైనుండి సుమారు 400 మీటర్ల ఎత్తు దిగు గొట్టములు నేటికిని భవనము వెనుక నిలిచి యున్నవి. సమీపమున గల ఒడ్డా పట్టణమున కార్బైడు కర్మాగారము ఈ శక్తితోనే నడిచెను. సున్నమును, బొగ్గును విద్యుత్కొలిమిలో అత్యధికమైన వేడిమివద్ద కలిపి కార్బైడును చేయుదురు; దానికి నత్రజనిని పట్టించిన సయనమైడు అను ఎరువగును. 1927లో అదే కర్మాగారమున ఎర్లింగ్ జాన్సన్ అను రసాయనజ్ఞుడు రాక్‌ఫాస్ఫేటును నత్రికామ్లములో కరగించి, చల్లార్చి, కాల్షియము నైట్రేటును స్ఫటికములుగా వేరుచేసి, భాస్వరము, నత్రజని రెండును గల ఎరువును చేయు విధానమును కనుగొనెను. ఒడ్డా విధానమని దానికి పేరు. నేడు మిరపచేనికి వేయు కాంప్లెక్సు ఎరువులలో కొన్ని ఈ విధానమువలన తయారగునవే. నార్వే దేశపు జలపాతమునకును, సర్కారు మైదానములోని మిరపకాయకును ఈ విధముగా చుట్టరికము కలిసినది.

తిస్సో కేంద్రము 1989లో ఆగిపోయెను. 2000లో నార్వే ప్రభుత్వము దానిని కాపాడవలసిన కట్టడముగా ప్రకటించెను. ఒడ్డా కార్బైడు కర్మాగారము 2003లో మూతపడెను. ఇప్పుడు చూడవచ్చినవారు అసలు యంత్రశాలలో, అసలు యంత్రముల నడుమ నడుతురు. అక్కడి ప్రదర్శనశాల యంత్రములను మాత్రమే దాచలేదు; కూలీల యిండ్లను, వారి జ్ఞాపకములను, సంఘముల చరిత్రను కూడ సేకరించినది. అంతేకాదు. ఆ కొండలలో ఆరువందల మీటర్లకు పైబడి దూకుచుండిన తిస్సెస్త్రెంగెనె అను జలపాతము, నీటిని మళ్లించుటచే 1960లలో ఎండిపోయెను. లాభమును చెప్పునపుడు ఈ నష్టమును కూడ చెప్పిననే చరిత్ర పూర్తియగును.

తెలుగునాట నీటిశక్తి

మద్రాసు రాజధానిలో పెద్ద జలవిద్యుత్కేంద్రములు మొదట తమిళసీమలోనే వెలసినవి. నీలగిరులలోని పైకారా కేంద్రము 1932లో ప్రారంభమయ్యెను. తెలుగువారికి తొలి పెద్ద కేంద్రము మాచ్‌ఖండ్. మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వములు 1946లో ఒడంబడిక చేసికొని చేపట్టిన ఈ కేంద్రమును, ఆంధ్రరాష్ట్రము ఏర్పడిన పిమ్మట, 1955లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించిరి. డుడుమ జలపాతమువద్ద దిగు నీటితో నడుచు ఆరు యంత్రముల మొత్తము శక్తి 120 మెగావాట్లు, అనగా 1,20,000 కిలోవాట్లు. దట్టమైన అడవి, మలేరియా, దారిలేని కొండలు. వీని నడుమ పనివారు దానిని నిలిపిరి. జలాపుట్ జలాశయము క్రింద మునిగిన పల్లెలవారు, వారిలో పెక్కుమంది గిరిజనులు, ఊళ్లు విడిచిపోయిరి. విశాఖపట్టణపు దీపములను గూర్చి చెప్పునపుడు ఈ రెండు సంగతులు కూడ చెప్పవలసినవే.

తరువాత తుంగభద్ర, నిజాంసాగరము, సీలేరు, నాగార్జునసాగరము, శ్రీశైలము వచ్చినవి. నాగార్జునసాగరములోని ప్రధాన కేంద్రమున మొదటి యంత్రము 1978లో తిరిగెను. అందు ఎనిమిది యంత్రములు కలవు. వానిలో ఏడు రెండువైపుల తిరుగగలవు. విద్యుత్తు మిగులుగా నున్న వేళ అవియే పంపులై దిగువ నీటిని తిరిగి జలాశయములోనికి ఎక్కించును, అవసరమైన వేళ ఆ నీటినే దింపి విద్యుత్తు నిచ్చును. కుడికాలువ తలవద్ద 90 మెగావాట్ల కేంద్రము వేరుగా కలదు. అక్కడ టర్బైనును త్రిప్పి వెడలిన కృష్ణనీరు జవహర్ కాలువలోబడి గుంటూరు, ప్రకాశం సీమల పత్తిచేలను, మిరపచేలను తడుపును. ఒకే నీరు మొదట శక్తినిచ్చి తరువాత పంటనిచ్చుచున్నది. జలపాతము లేని మైదానమునకు నీటిశక్తితో గల నిజమైన బంధుత్వమిది.

ఏమి దాచవలెను?

మాచ్‌ఖండ్ కేంద్రము డెబ్బది ఏండ్లు దాటినది. పాత కేంద్రములలో అరిగిన భాగములను తీసి కొత్తవి వేయుట తప్పనిసరి. తీసినదానిలో ఏది తుక్కు, ఏది చరిత్ర అని నిర్ణయించుటకు శాస్త్రజ్ఞానము కావలెను.

అరిగిన టర్బైను చక్రమును ఉదాహరణగా తీసికొనవచ్చును. రెక్కల వెనుకవైపున చీమలపుట్టవలె గుంతలు పడియుండును. నీరు అతివేగముగా జారు చోట ఒత్తిడి మిక్కిలి తగ్గి, చల్లని నీరే ఆవిరిబుడగలుగా మారును. ఒత్తిడి మరల పెరిగిన చోట ఆ బుడగలు తటాలున పగులును. ఒక్కొక్క పగులుపాటు సన్నని సుత్తిదెబ్బ వంటిది. కోట్లకొలది దెబ్బలకు ఉక్కు కూడ పొరలు విడచును. ఇసుక రాపిడివలన కలిగిన అరుగుదల వేరు. అది నునుపైన గాడులుగా కనబడును. ఏ నదినీరు యంత్రమును ఎట్లు తినునో ఈ గుర్తులు చెప్పును. కొత్త చక్రము ఈ పాఠమును చెప్పజాలదు. విద్యార్థికి మెరుగుపెట్టిన నమూనాకంటె గుంతలు పడిన పాత రెక్కయే మేలైన గురువు.

రెండవది నియామకము, దీనినే ఇంజనీర్లు గవర్నరు అందురు. పట్టణములో ఒక్కసారిగా దీపములు ఆరిపోయిన, యంత్రముమీది బరువు తగ్గి వేగము పెరుగబోవును. వేగము పెరిగిన ఆవృత్తి మారును. పాత గవర్నరులో రెండు బరువైన గుండ్లు ఇరుసుతోబాటు తిరుగుచు, వేగము పెరిగిన వెలుపలికి విచ్చుకొని, నీటిద్వారమును కొంత మూయించును. వేగము తగ్గిన ముడుచుకొని, ద్వారమును తెరపించును. నేడు ఆ పని ఎలెక్ట్రానిక్ పరికరము పెట్టెలోపల చేయుచున్నది. చూచువానికి ఏమియు తెలియదు. పాత గవర్నరు తన ఆలోచనను బహిరంగముగా చూపును.

మూడవది కాగితములు. గంటగంటకు నీటిమట్టము, వోల్టేజి, ప్రవాహము, నూనె వేడిమి వ్రాసిన దినచర్య పుస్తకములు ప్రతి కేంద్రములో నుండును. ఏ యేడు వానలు తప్పినవి, ఏ రాత్రి పిడుగు పడినది, ఏ పండుగనాడు ఊరు ఎక్కువ వెలిగినది అనునవన్నియు వానిలో కలవు. యాబదియేండ్ల నీటిలెక్క ఒకచోట నుండుట రేపటి వర్షపాత పరిశోధకునకు పెన్నిధి. చెదలు పట్టునది ముందుగా ఇదియే.

నాలుగవది మనుష్యుల మాట. యంత్రపు శబ్దము విని జబ్బు చెప్పగల పాత ఫిట్టరు నేర్పు ఏ పుస్తకమునను లేదు. మునిగిన ఊరిలో పుట్టినవారి జ్ఞాపకమును కూడ ధ్వనిముద్రణ చేసి ఉంచవలసినదే. ఈ నాలుగింటిలో మొదటి మూడును కొంతకాలము ఆగగలవు, ఇది ఆగదు.

ఇట్టి పని తెలుగువారికి కొత్త కాదు. నాగార్జునసాగరము నిండినచో ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి మునుగునని తెలిసినపుడు, 1954నుండి 1960వరకు ఆ లోయను త్రవ్వి, స్తూపములను, విహారములను, శిల్పములను ఇటుకవెంట ఇటుకగా ఎత్తి కొండమీదికిని, అనుపునకును చేర్చిరి. నాగార్జునకొండ దీవిపై 1966లో ప్రదర్శనశాల వెలసెను. ఆ లోయను ముంచిన జలాశయమే నేడు టర్బైనులను త్రిప్పుచున్నది. పదునేడు వందల ఏండ్లనాటి ఇటుకను కాపాడుటకు చూపిన శ్రద్ధలో కొంత, ఆ ఆనకట్టలను కట్టిన తరమువారి యంత్రములకును, పుస్తకములకును, మాటలకును దక్కవలసి యున్నది. మార్చిన ప్రతి పాత చక్రమును దాచుట సాధ్యము కాదు. ఒక్కొక్క కేంద్రమునుండి ఒక చక్రము, ఒక గవర్నరు, పూర్తి దినచర్య పుస్తకములు ఎంచి, పిల్లలు చేరగల చోట నిలిపిన చాలును. తుక్కు వేలమునకు తేదీ నిర్ణయించుటకు ముందుగనే ఈ ఎంపిక జరుగవలెను.